స్పీకర్లలో ఇంజిన్ ఈల: కారు ఆడియోలో రొద ఎక్కడ దూరుతోందో పట్టుకున్న తీరు (నా అనుభవం)

బండి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. డ్యాష్‌బోర్డులో విడిగా కొని బిగించిన స్టీరియో, డిక్కీలో చానల్‌కి 75 వాట్ల నాలుగు చానళ్ళ యాంప్ (స్టీరియో సిగ్నల్‌ని పెద్దది చేసి స్పీకర్లకి ఇచ్చే యాంప్లిఫైయర్). రెండు చానళ్ళు ముందు డోర్లలోని 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లకి వెళ్తాయి. మిగతా రెండూ బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, 10 అంగుళాల సబ్‌వూఫర్‌కి ఇచ్చి ఉన్నాయి. సమస్య ఇది: సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకోగానే ముందు ట్వీటర్లలో (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లలో) సన్నగా ‘కుయ్’మని ఈల మొదలవుతుంది. రేస్ ఇస్తే ఈల పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. పాట ఆపినా పోదు, వాల్యూమ్ సున్నాకి తెచ్చినా పోదు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేస్తే ఇంకాస్త పెరుగుతుంది.

ఈ ఈల గురించి ఎవరినడిగినా మొదట వచ్చే సలహా కరెంటు వైరులో రొదని ఆపే ఫిల్టర్ పెట్టమని. రెండోది, స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరుని ఖరీదైనది వేయమని. రెండూ కొన్ని బండ్లలో పనిచేస్తాయి, ఎందుకంటే కొన్ని బండ్లలో తప్పు నిజంగా అక్కడే ఉంటుంది. రొద సిస్టమ్‌లోకి ఎక్కడ దూరుతోందో తేల్చకుండా ఏ వస్తువూ కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. సిస్టమ్‌ని మధ్యకి విడగొట్టి, ఏ సగంలో రొద ఉందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ విడగొడుతూ పోతే చోటు దొరుకుతుంది. దానికి కావలసిన సామాను కూడా తక్కువే: మల్టీమీటర్, 5 మీటర్ల విడి ఆర్‌సీఏ వైరు, ఫోన్ నుంచి ఆర్‌సీఏకి వెళ్ళే 3.5 మి.మీ. లీడు, రెండు చివరలా క్రోకడైల్ క్లిప్పులున్న పొడవాటి వైరు, షార్టింగ్ ప్లగ్గులు. షార్టింగ్ ప్లగ్గు అంటే మామూలు ఆర్‌సీఏ ప్లగ్గు లోపల మధ్య పిన్నునీ బయటి రింగునీ చిన్న వైరుముక్కతో కలిపి సోల్డర్ చేసినది. నాలుగు చానళ్ళకి నాలుగు చేసుకోవాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి ప్లగ్గులు విడిగా దొరుకుతాయి.

ముందు చెవితో తేల్చాల్సినవి

ఇంజిన్ వేగాన్ని బట్టి మారే ఈల ఆల్టర్నేటర్‌దేనా (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది) అని లెక్క వేసి చూడొచ్చు. ఆల్టర్నేటర్‌లో పుట్టేది మూడు ఫేజుల ఏసీ. ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి కానీ, పైన చిన్న అల మిగిలిపోతుంది. చాలా కార్లలో రోటర్‌కి 12 పోల్స్, అంటే ఆరు జతలు ఉంటాయి. క్రాంక్ పుల్లీ ఒక చుట్టు తిరిగేలోగా ఆల్టర్నేటర్ రెండున్నర చుట్లు తిరుగుతుందనుకుంటే, ఐడిలింగ్‌లో ఇంజిన్ 800 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ వేగం 2000. సెకనుకి 33 చుట్లు. ఆరు జతలతో గుణిస్తే 200 హెర్ట్జ్. డయోడ్ల తర్వాత మిగిలే అల దానికి ఆరు రెట్లు, అంటే 1200 హెర్ట్జ్. ఇంజిన్ 3000కి వెళ్తే ఇదే 4500 హెర్ట్జ్ అవుతుంది. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా పెట్టి ట్వీటర్ దగ్గర పట్టుకుంటే ఆ ముల్లు అక్కడే లేచి, రేస్ ఇచ్చిన కొద్దీ కుడివైపు జరుగుతూ కనిపిస్తుంది. మనిషి చెవికి చురుకు ఎక్కువగా ఉండే మేర కూడా ఇదే కాబట్టి చిన్న రొదైనా పట్టేస్తాం. సబ్‌వూఫర్‌లో ఇది వినపడదు, కింది స్వరాలనే పోనిచ్చే లో పాస్ ఫిల్టర్ కోసేస్తుంది. సబ్ ఒక్కటే యాంప్ మీద ఉన్న బండ్లలో ఎర్త్ (బాడీకి కలిపే మైనస్ కనెక్షన్) తప్పున్నా చాలాకాలం బయటపడకపోవడానికి కారణం అదే.

వేగంతో మారేదంతా ఆల్టర్నేటర్ కాదు. ‘టర్ర్’మని చిటచిటలాడుతూ రేస్‌తో పాటు దగ్గరపడే శబ్దం ఇగ్నిషన్‌ది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి దాదాపు 27 స్పార్కులు ఇస్తుంది. ఆ శబ్దాన్ని ఈలగా పొరబడే వీలు లేదు. డీజిల్ బండిలో స్పార్కే ఉండదు కాబట్టి అలాంటి చిటచిట వస్తే ఇంజెక్టర్ల వైరింగ్ వైపు చూడాలి.

వేగంతో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో ఉండే సన్నని రొద తరచుగా ఫ్యూయల్ పంపుది. దానికి పరీక్ష తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెడితే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఆ రెండు మూడు సెకన్లే రొద వచ్చి ఆగిపోతే పంపే. చాలా పెట్రోల్ కార్లలో పంపు వెనక సీటు కిందే ఉంటుంది, డిక్కీకి వెళ్ళే ఆర్‌సీఏ వైరు కూడా ఆ పక్కనుంచే పోతుంది.

ఇంజిన్ ఆపినా ఒకేలా ఉండే ‘బుస్’ శబ్దం యాంప్ మీది గెయిన్ సర్దుబాటు ఎక్కువ పెట్టడం వల్ల వచ్చేది. దానికీ ఆల్టర్నేటర్‌కీ సంబంధం లేదు.

ఇక వాల్యూమ్ చెప్పే విషయం. వాల్యూమ్ తగ్గిస్తే రొద తగ్గుతోందంటే అది వాల్యూమ్ కంట్రోల్‌కి ముందే, అంటే ఫోన్, ఆక్స్ వైరు (ఫోన్ నుంచి స్టీరియోకి పాట తెచ్చే వైరు), రేడియో వైపు దూరుతోంది. వాల్యూమ్‌తో మారకపోతే దాని తర్వాత: స్టీరియో అవుట్‌పుట్, ఆర్‌సీఏ వైరు, యాంప్, స్పీకర్ వైర్లు. ఈ బండిలో మారలేదు. కాబట్టి ఫోన్, ఆక్స్ అక్కడికక్కడే లెక్కలోంచి పోయాయి.

విడగొట్టడం

ఆర్‌సీఏ పిన్నులు పీకే ముందు ఒక నియమం. ఇంజిన్ ఆపి, స్టీరియో ఆపి, యాంప్ లైటు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. యాంప్ ఆన్‌లో ఉండగా పీకితే స్పీకర్లకి దెబ్బ, దానికి మించి స్టీరియో లోపలి ఎర్త్‌కి దెబ్బ. ఎందుకో కింద వస్తుంది.

మొదటి కోత యాంప్ దగ్గర. ఆర్‌సీఏలు నాలుగూ పీకి, యాంప్ ఇన్‌పుట్లలో షార్టింగ్ ప్లగ్గులు పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేశాను. రేస్ ఇచ్చినా ట్వీటర్‌లో చడీచప్పుడు లేదు. దీంతో యాంప్, దాని ప్లస్ వైరు, స్పీకర్ వైర్లు, క్రాసోవర్లు (పై స్వరాలని ట్వీటర్‌కీ, కిందివాటిని పెద్ద స్పీకర్‌కీ విడదీసేవి) అన్నీ ఒక్క దెబ్బకి శుభ్రమని తేలింది. ఇక్కడే ఈల మిగిలి ఉంటే దారి వేరుగా ఉండేది: స్పీకర్ వైరు ఎక్కడైనా డోర్ హింజ్ దగ్గర నలిగి బాడీకి తగులుతోందా, యాంప్ ఇనుప డబ్బా నేరుగా బాడీకి స్క్రూలతో బిగించి ఉందా, క్రాసోవర్ టెర్మినల్ డోర్ రేకుని ముట్టుకుంటోందా అని చూడాల్సి వచ్చేది. యాంప్‌ని 12 మి.మీ. ప్లైవుడ్ చెక్క మీద బిగించి, ఆ చెక్కని బాడీకి బిగించడం మంచి అలవాటు. షార్టింగ్ ప్లగ్గు పెట్టకుండా ఇన్‌పుట్లు ఖాళీగా వదిలేసి వింటే మాత్రం ఏదీ తేలదు, ఖాళీ ఇన్‌పుట్ తనే యాంటెన్నా అయి చుట్టుపక్కల రొదని లాగుతుంది. ఇంకో మాట: ఈ ప్లగ్గు యాంప్ ఇన్‌పుట్‌కే. స్టీరియో అవుట్‌పుట్‌కి తగిలిస్తే దాని అవుట్‌పుట్ చిప్పు షార్ట్ అవుతుంది.

రెండో కోత వైరు అవతలి చివర. బండిలో ఉన్న ఆర్‌సీఏ వైరుని యాంప్‌కి కలిపి, స్టీరియో వైపు చివరని పీకి, అక్కడ పిన్నునీ రింగునీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి కలిపాను. అప్పుడు కూడా నిశ్శబ్దమే. అంటే వైరు దారిలో పవర్ కేబుల్ నుంచిగానీ, పంపు వైరింగ్ నుంచిగానీ రొద అంటుకోవడం లేదు. ఇక్కడ ఈల వచ్చి ఉంటే వైరుని వేరే వైపు మార్చాలి: ప్లస్ కేబుల్ ఎడమ తలుపుల కింద నుంచి పోతే ఆర్‌సీఏ కుడి వైపు నుంచి పోవాలి. తప్పనిసరై ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటాలి. మామూలు కోయాక్సియల్ ఆర్‌సీఏ కన్నా రెండు వైర్లు మెలిపెట్టి ఉండే రకం ఇలాంటి రొదని తక్కువగా పట్టుకుంటుంది.

మూడోది ఫోన్. చార్జింగ్‌కి పెట్టని ఫోన్‌ని 3.5 మి.మీ. లీడుతో నేరుగా యాంప్ ఇన్‌పుట్‌కి ఇచ్చి పాట పెట్టాను. శుభ్రంగా మోగింది. చార్జర్ లేని ఫోన్‌కి కారు ఎర్త్‌తో బంధం ఉండదు కాబట్టి దీనికి విలువ ఎక్కువ. యాంప్ ఏ తప్పూ లేకుండా పాడుతోంది, స్టీరియో కలిపితేనే ఈల వస్తోంది. చివరిగా విడి ఆర్‌సీఏ వైరుని సీట్ల మీదుగా పరిచి స్టీరియోకీ యాంప్‌కీ కలిపితే ఈల యథాతథంగా వచ్చింది. పాత వైరు మీద మిగిలిన అనుమానం కూడా దీంతో పోయింది. మిగిలింది స్టీరియో, దాని ఎర్త్.

స్టీరియో బయటికి తీశాక

ఇక్కడ కొంచెం ఆగి, ఎర్త్ సంగతి చెప్పుకోవాలి. కారులో ప్రతి పరికరానికీ ప్లస్ వైరు వేరుగా ఉంటుంది కానీ, తిరుగు కరెంటు అందరిదీ ఇనుప బాడీ మీదుగానే బ్యాటరీ మైనస్‌కి చేరుతుంది. వీధిలో అందరిళ్ళ వాడకం నీళ్ళూ ఒకే కాలవలోకి వదిలినట్టు. బాడీకి కొద్దిపాటి రెసిస్టెన్స్ ఉంది కాబట్టి డ్యాష్‌బోర్డు దగ్గరి ఎర్త్‌కీ డిక్కీలోని ఎర్త్‌కీ మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడాలో ఆల్టర్నేటర్ అల కలిసే ఉంటుంది. లైట్లు, బ్లోయర్ వేస్తే కరెంటు పెరుగుతుంది, తేడా పెరుగుతుంది, ఈల పెరుగుతుంది.

స్టీరియో ఒక ఎర్త్ మీద, యాంప్ ఇంకో ఎర్త్ మీద ఉన్నాయి. ఈ రెంటినీ కలిపేది ఆర్‌సీఏ వైరు షీల్డు, అంటే మధ్య వైరు చుట్టూ ఉండి బయటి రింగుకి కలిసే అల్లిక. యాంప్ పెద్దది చేసేది మధ్య పిన్నుకీ షీల్డుకీ ఉన్న తేడాని. షీల్డు రెండు చివరలా గట్టిగా కలిసి ఉంటే రెండు ఎర్త్‌ల తేడాలో కొంత భాగమే సిగ్నల్‌లోకి వస్తుంది. స్టీరియో వైపు షీల్డు తెగితే మొత్తం తేడా సిగ్నల్‌లో కలిసిపోతుంది. స్టీరియో ఆర్‌సీఏ అవుట్‌పుట్ (ప్రీఅవుట్) ఇచ్చే 2 వోల్టుల ముందు 10 మిల్లీవోల్టులంటే 200వ వంతు, 46 డెసిబెల్స్ కింద. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కానీ రాత్రిపూట మెల్లగా పాట వింటున్నప్పుడు సిగ్నల్ కూడా 2 వోల్టులు ఉండదు, అందులో పదోవంతో ఇంకా తక్కువో ఉంటుంది. అప్పుడు ఈల పాటలో భాగమైపోతుంది.

స్టీరియోని బయటికి లాగి, అన్ని కప్లర్లూ (వైరింగ్ ప్లగ్గులు) పీకి, మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగుకీ స్టీరియో ఇనుప డబ్బాకీ మధ్య చూశాను. మంచి స్టీరియోలో లీడ్ల రెసిస్టెన్స్‌తో కలిపి అర ఓమ్ లోపు చూపించాలి. ఇందులో అసలు కనెక్షనే లేదు. క్రోకడైల్ క్లిప్పు వైరుతో ఆ రింగునీ డబ్బానీ కలిపి, కప్లర్లు తిరిగి పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఈల దాదాపు పోయింది. క్లిప్పు తీస్తే వస్తుంది, పెడితే పోతుంది.

కొన్ని స్టీరియోలలో ఆర్‌సీఏ ఎర్త్ దారిలో పికో ఫ్యూజు అని చిన్న రెసిస్టర్ సైజులో ఒక ఫ్యూజు ఉంటుంది. కొన్నిటిలో ఫ్యూజు ఉండదు, సర్క్యూట్ బోర్డు మీది సన్నని రాగి గీతే ఫ్యూజులా కాలిపోతుంది. ఇందులో ఫ్యూజే కాలింది. చాలామంది ఇక్కడితో ఆపేసి, రింగు నుంచి డబ్బాకి వైరుముక్క సోల్డర్ చేసి పంపేస్తారు. ఈల పోతుంది, డబ్బు ఇస్తారు, పని అయిపోయిందనుకుంటారు. నేను ఈ పద్ధతికి ఒప్పుకోను. ఫ్యూజు ఊరికే కాలదు. అందులోంచి పెద్ద కరెంటు పోయింది కాబట్టి కాలింది. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చకుండా వైరు వేస్తే, ఈసారి కాలేది ఆర్‌సీఏ వైరో, స్టీరియో బోర్డో.

ఫ్యూజు ఎందుకు కాలింది

స్టీరియో ఆర్‌సీఏ ఎర్త్‌లోంచి పెద్ద కరెంటు పోయే మార్గం ప్రధానంగా ఒకటే: యాంప్ ఎర్త్ బలహీనంగా ఉండి, యాంప్ తిరుగు కరెంటు ఆర్‌సీఏ షీల్డు మీదుగా స్టీరియో ఎర్త్‌కి వెళ్ళడం. ఆన్‌లో ఉండగా పిన్నులు పీకినా, పెట్టినా కూడా ఇదే జరగొచ్చు, అందుకే పైన చెప్పిన నియమం. కొన్ని యాంప్‌లలో ఆర్‌సీఏ రింగుకీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య కొన్ని వందల ఓమ్‌ల నుంచి వెయ్యి ఓమ్‌ల దాకా రెసిస్టర్ ఉంటుంది, వాటికి ఈ ప్రమాదం తక్కువ. యాంప్ కరెంటు తీసేసి చూస్తే ఇందులో సున్నా వచ్చింది, అంటే నేరు కనెక్షన్.

ఎర్త్ బాగుందో లేదో ఓమ్‌లలో కొలవడం వృథా. మామూలు మల్టీమీటర్ లీడ్లకే 0.2 నుంచి 0.5 ఓమ్ ఉంటుంది, మనకి కావలసింది 0.01 ఓమ్ కన్నా తక్కువ. కొలవాల్సింది కరెంటు పోతున్నప్పటి వోల్టేజి పతనం. బ్యాటరీ మైనస్ నుంచి సన్నని పొడవాటి వైరు డిక్కీ దాకా లాగి (మీటరు కరెంటు తీసుకోదు కాబట్టి సన్నదైనా పరవాలేదు) మీటరు ఒక లీడు దానికీ, ఇంకొకటి యాంప్ ఎర్త్ టెర్మినల్‌కీ పెట్టి, డీసీ వోల్టుల మీద, బాస్ ఎక్కువున్న పాట గట్టిగా పెట్టి చూశాను. బాస్ కొట్టినప్పుడల్లా 0.9 వోల్టు దాకా లేస్తోంది. 0.1 దాటినా అనుమానించాల్సిందే. తర్వాత లీడుని టెర్మినల్ నుంచి తీసి, ఎర్త్ స్క్రూకి చెయ్యి దూరంలో రేకు మీద ఎమరీ పేపర్‌తో గీకిన చోట పెట్టాను. అక్కడ 0.1 మాత్రమే. మిగిలిన 0.8 వోల్టు ఆ అరమీటరు వైరు, దాని చివరి స్క్రూ మధ్యే పోతోంది.

స్క్రూ విప్పితే కారణం కళ్ళకే కనపడింది. పలుచని రేకులోకి దిగ్గొట్టిన సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ, దాని కింద పూర్తిగా గీకని పెయింటు, చుట్టూ తుప్పు. వైరు కూడా పేరుకే 8 గేజ్. చివర కోసి బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడింది. రాగి పూత అల్యూమినియం వైరు రెసిస్టెన్స్ అదే సైజు రాగి కన్నా సుమారు 1.6 రెట్లు. అసలు రాగి 8 గేజ్ అంటే 8.4 చదరపు మి.మీ. అయిదు మీటర్ల పొడవుకి, 40 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు పడుతుంది. అల్యూమినియం రకానికి అదే 0.65. ఈ యాంప్ నాలుగు చానళ్ళూ నిండుగా మోగితే 300 వాట్లు, ఏబీ తరగతి యాంప్ (లాగిన కరెంటులో కొంత వేడిగా పోయే రకం) కాబట్టి బ్యాటరీ నుంచి 36 ఆంపియర్ల దాకా లాగుతుంది.

కొత్త ఎర్త్ ఇలా వేశాను. స్పేర్ వీల్ గుంత పక్కన దళసరి రేకున్న చోట, కింద పెట్రోల్ ట్యాంకుగానీ బ్రేక్ పైపుగానీ లేవని వంగి చూసుకుని, రంధ్రం వేసి ఎం8 బోల్టు, కింద నుంచి నట్టు. చుట్టూ రూపాయి బిళ్ళంత మేర పెయింటూ ప్రైమరూ పోయి ఇనుము మెరిసేదాకా ఎమరీ. 16 చదరపు మి.మీ. రాగి కేబుల్, పొడవు 45 సెం.మీ., చివర రాగి లగ్గు సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కి, లగ్గు కింద పళ్ళున్న స్టార్ వాషర్. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ. ముందు జెల్లీ పూసి తర్వాత బిగించకూడదు, ఇనుమూ రాగీ నేరుగా కరుచుకున్నాకే పూత. సీటు బెల్టు బోల్టుని ఎర్త్‌కి వాడటం చాలా చోట్ల చూస్తుంటాను. అది ప్రాణాలు కాపాడే బోల్టు, దాని బిగువుతో ఆడుకోకూడదు. ప్లస్ కేబుల్ కూడా 16 చదరపు మి.మీ.కి మార్చాను, బ్యాటరీ నుంచి 45 సెం.మీ. లోపు 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి. ఈ పనులన్నిటికీ ముందు బ్యాటరీ మైనస్ విప్పాలి. సీటు కింద పసుపురంగు కప్లర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, మీటరు లీడు కూడా తగలనివ్వకూడదు.

ఎర్త్ కేబుల్‌ని నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగొచ్చు కదా అని అడుగుతారు. ఇప్పటి చాలా బండ్లలో మైనస్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి బ్యాటరీ పోస్టుకి తగిలిస్తే యాంప్ తాగే కరెంటు బండి కంప్యూటర్‌కి కనపడదు, చార్జింగ్ లెక్క తప్పుతుంది. బాడీకే కలపాలి.

మళ్ళీ అదే పాటతో కొలిస్తే యాంప్ టెర్మినల్‌కీ పక్క రేకుకీ మధ్య 0.04 వోల్టు. అప్పుడు స్టీరియోలో పికో ఫ్యూజు మార్చాను, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న రేటింగుదే. సోల్డరింగ్ ఐరన్ చిన్నది కావాలి, పక్కన పార్టులు ఇరుకుగా ఉంటాయి. చెయ్యి తిరగనివాళ్ళు మొబైల్ రిపేరు చేసేవాళ్ళకి ఇవ్వడం మేలు. ఇంజిన్ ఆన్, లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి, వాల్యూమ్ సున్నా మీద ట్వీటర్‌కి చెవి ఆనిస్తే సన్నటి బుస్ తప్ప ఏమీ లేదు.

ఆల్టర్నేటర్‌ని కూడా ఒకసారి

ఎర్త్ బాగున్నా ఆల్టర్నేటర్ డయోడ్ ఒకటి పోతే అల ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఏ ఎర్తింగూ దాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే బ్యాటరీ టెర్మినళ్ళ మీద ఏసీ కొలిచాను. మంచి స్థితిలో 50 మిల్లీవోల్టుల లోపు ఉంటుంది, 100 దాకా పరవాలేదు. అర వోల్టు చూపిస్తే డయోడ్ పోయినట్టే. ఇందులో 30 దగ్గర ఉంది. ఒక జాగ్రత్త: చవకరకం పసుపు మల్టీమీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచే మొదలవుతుంది. వాటితో 12 వోల్టుల డీసీ మీద ఏసీ కొలిస్తే ఒకవైపు లీడ్లు పెడితే 26 దాకా, తిప్పి పెడితే సున్నా చూపిస్తుంది. రెండూ తప్పే. మిల్లీవోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటరు కావాలి, అనుమానముంటే లీడులో 1 మైక్రోఫారాడ్ నాన్ పోలార్ కెపాసిటర్ సిరీస్‌లో పెడితే డీసీ ఆగిపోయి అల మాత్రమే కనపడుతుంది. ఇంజిన్ బ్లాక్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీని కూడా చూడాలి. అన్ని లోడ్లూ వేసి, ఇంజిన్ నడుస్తుండగా ఆ రెంటి మధ్య 0.1 వోల్టు దాటకూడదు. పాత బండ్లలో ఈ పట్టీ తుప్పుపట్టి, ఆడియోలో ఈల, హెడ్‌లైట్లలో మినుకు రెండూ తెస్తుంది.

రొద పోయాక గెయిన్ మళ్ళీ పెట్టాలి. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో ఇచ్చే వోల్టేజికి యాంప్‌ని సరిపెట్టే సర్దుబాటు. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి, ఈక్వలైజర్ తీసేసి, స్పీకర్లు విప్పి, సైన్ టోన్ ప్లే చేస్తూ యాంప్ అవుట్‌పుట్ ఏసీ వోల్టులు చూడాలి. 75 వాట్లు, 4 ఓమ్‌లు: రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే 17.3 వోల్టులు. అక్కడ ఆపాలి. చాలా మామూలు మీటర్ల ఏసీ కొలత 400 హెర్ట్జ్ దాటితే నమ్మదగింది కాదు. టోన్ ఆ లోపే ఎంచుకుని, కింది స్వరాలని కోసే హై పాస్ ఫిల్టర్ ఆఫ్‌లో పెట్టి కొలవాలి.

ఇదే ఈల, వేరే కారణాలు

ఇతర బండ్లలో నాకు ఇప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది ఫోన్‌ది. ఆక్స్ వైరు పెట్టి, అదే ఫోన్‌ని సిగరెట్ లైటర్ సాకెట్ చార్జర్‌కి పెడితే ఈల. చార్జర్ పీకితే పోతుంది. చార్జర్ ఎర్త్ ఒక దారి, ఆక్స్ ఎర్త్ ఇంకో దారి, మధ్యలో ఫోన్. బ్లూటూత్ వాడితే సమస్యే లేదు. ఆక్స్ కావాలంటే 3.5 మి.మీ. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ సరిపోతుంది, అందులో రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు. అదే ఐసోలేటర్‌ని సబ్‌వూఫర్ ఆర్‌సీఏలో పెట్టమంటే మాత్రం నేను వద్దంటాను. చవక ట్రాన్స్‌ఫార్మర్ కోర్ చిన్నది, కింది ఫ్రీక్వెన్సీల దగ్గర నిండిపోయి బాస్‌ని పలచన చేస్తుంది.

కంపెనీ స్టీరియో ఉంచుకుని యాంప్ కలిపేవాళ్ళకి లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని ఆర్‌సీఏ స్థాయికి తగ్గించే డబ్బా) దగ్గర ఈల వస్తుంది. కంపెనీ స్టీరియో స్పీకర్ వైర్లు రెండూ ఎర్త్ కాదు, రెంటి మీదా సరఫరాలో సగం, 6–7 వోల్టుల డీసీ ఉంటుంది. మైనస్ అనుకుని ఒకదాన్ని బాడీకి కలిపితే స్టీరియో అవుట్‌పుట్ చిప్పు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కన్వర్టర్ తీసుకోవాలి, లేదా స్పీకర్ వైర్లనే నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ కొనాలి. రెండోదే నయం. కన్వర్టర్‌ని స్టీరియో దగ్గర కాకుండా యాంప్ దగ్గర పెట్టడం వల్ల కూడా రొద తగ్గుతుంది, ఎందుకంటే దూరమంతా బలమైన స్పీకర్ సిగ్నలే ప్రయాణిస్తుంది.

స్టీరియో ప్లస్ వైరులో పెట్టే కాయిల్–కెపాసిటర్ ఫిల్టర్‌కి ఒక సందర్భం ఉంది. స్టీరియోని విడి 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే ఈల పోయి, బండి సరఫరా మీద వస్తే, రొద పవర్ వైరులోంచే వస్తోందని రుజువు. అప్పుడు స్టీరియో ఫ్యూజు 10 ఆంపియర్లైతే అంతకు తగ్గని ఫిల్టర్ పెట్టొచ్చు. ఎఫ్ఎం రేడియోలో మాత్రమే వచ్చే గరగరకి డ్యాష్‌క్యామ్ చార్జర్, బయట కొన్న ఎల్ఈడీ హెడ్‌లైట్ డ్రైవర్లు ఒక్కొక్కటే పీకి చూడాలి. ఇగ్నిషన్ చిటచిటకి రెసిస్టర్ ప్లగ్గులు ఉన్నాయో లేదో చూడాలి. ఎన్‌జీకే ప్లగ్గుల నంబరులో ‘ఆర్’ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉన్నట్టు, అది సుమారు 5 కిలో ఓమ్‌లు.

వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఎర్త్ బోల్టు త్వరగా తుప్పుపడుతుంది. వానాకాలం వెళ్ళాక డిక్కీ మ్యాట్ ఎత్తి, యాంప్ టెర్మినల్‌కీ రేకుకీ మధ్య ఆ వోల్టేజి పతనాన్ని ఒకసారి కొలుస్తాను. 0.04 దగ్గరే ఉంటే మ్యాట్ పరిచేస్తాను. 0.1 వైపు పాకుతుంటే ఈల వినపడకముందే బోల్టు విప్పి, ఎమరీ పట్టి, మళ్ళీ బిగిస్తాను.